వేలు అరిగితే, ముఖం కలవకపోతే

చికాగోలో జనవరి వచ్చిందంటే ఫోన్ తెరవడం కూడా ఒక తతంగమే. చేతులకు గ్లౌజులు, మూతికి మఫ్లర్. వేలు పెట్టాలంటే గ్లౌజు ఊడబీకాలి, ముఖం చూపాలంటే మఫ్లర్ దించాలి. రెండూ అయ్యేసరికి బస్సు వచ్చేస్తుంది, టికెట్ మాత్రం ఫోన్‌లోనే ఉండిపోతుంది. ఇంట్లోకి వచ్చాకైనా సుఖం లేదు. హీటర్ గాలికి బొటనవేలు ఎండి పగులుతుంది, ముద్ర కలవదు. పక్క మీద ఒత్తిగిలి పడుకుంటే సగం ముఖం దిండులో ఉంటుంది, అదీ ఒప్పుకోదు. మా ఆఫీసులో దీని మీద రెండు పార్టీలున్నాయి. జేబులోంచి తీసేలోపే తెరుచుకోవాలంటే వేలే నయమని ఒకరంటారు. పిండి కలుపుతున్న చేత్తో వేలెట్లా పెడతారని ఇంకొకరు ఎదురడుగుతారు. భోజనాల వేళ మొదలైన ఈ పంచాయితీ ఎన్నడూ తెగదు.

నేను ఏ పార్టీలోనూ చేరలేదు. మా పుట్టిల్లు నల్లగొండ జిల్లా మునుగోడు వైపు, అత్తగారిల్లు పాలమూరు. రెండు ఇళ్లకూ ఫోన్లు కొనిచ్చేది నేనే. అవి తెరుచుకోకపోతే ఏడు సముద్రాల ఇవతల నుంచి తాళం తీయించాల్సిందీ నేనే. ఆ అనుభవంతో చూస్తే వేలా, ముఖమా అన్నది చిన్న ప్రశ్న. రెండూ కుదరనప్పుడు మనిషికి ఇంకో దారి ఉందా అన్నదే పెద్ద ప్రశ్న.

అమ్మకు ఫోన్ ఎండాకాలంలో ఇచ్చాను. అప్పుడు చేలల్లో పని ఉండదు, చేతులకు కాస్త తెరిపి. బొటనవేలు ఆనించగానే తెర వెలిగేది, అమ్మ ముచ్చటపడేది. దసరా దాటి పత్తి ఏరుడు మొదలయ్యాక అదే ఫోన్ మొరాయించడం మొదలుపెట్టింది. పత్తికాయ పగిలి ఎండినాక దాని రెక్కల కొసలు వాడి తేలుతాయి. దూది లాగిన ప్రతిసారీ బొటనవేలికీ చూపుడువేలికీ అవి గీరుకుంటాయి. పొద్దుగూకేసరికి ఆ రెండు వేళ్ల కొసలూ గరుకెక్కి, సన్నగా చీలి ఉంటాయి. ఫోన్ అడిగేది సరిగ్గా ఆ చోటునే. "ఇదేం ఫోన్ బిడ్డా, నా చెయ్యి నాది కాదని అది చెప్పుడేంది?" అని అమ్మ వీడియో కాల్‌లో వేలు కెమెరాకు ఆనించి మరీ చూపించింది. గీతలు ఏమైపోయినయో చూడమని!

వేలి మీది గట్లు, పల్లాలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడిపోతాయి. చాలా ఫోన్లు గట్టు తాకిన చోటికీ పల్లం ఉన్న చోటికీ విద్యుదావేశంలో ఉండే తేడాను బట్టి పటం గీసుకుంటాయి. తెర కింద వేలిముద్ర తీసుకునే కొన్ని రకాలు వెలుగుతో ఫొటో తీసుకుంటాయి. ఏ పద్ధతైనా గట్టు అరిగితే చేతికందేది మసక పటమే. పని మానేసి కొన్నాళ్లు ఊరుకుంటే లోపలి పొరలోంచి అవే గీతలు మళ్లీ పైకి వస్తాయి. కానీ పత్తి మీద బతికే మనిషి సీజన్‌లో చేతులు కట్టుకుని కూర్చుంటుందా?

సరే, ముఖం పెడదామన్నాను. ఎండకు నెత్తి మీద కొంగు, చెమటకు మూతికి అడ్డం తువ్వాలు. పొద్దుగాల చీకట్లో మోటరు వేయడానికి పోయేటప్పుడు ఆ ఫోన్ కెమెరాకు ఏమీ కనపడదు. తక్కువ ధర ఫోన్లలో ముఖం తాళమంటే చాలామటుకు ముందు కెమెరా తీసే మామూలు బొమ్మే. ఖరీదైన ఐఫోన్ 30 వేలకు పైగా కంటికి కనపడని పరారుణ చుక్కలు ముఖం మీద చల్లి లోతు కొలుస్తుంది కాబట్టి చీకట్లోనూ పోల్చుకుంటుంది. ఆ ఫోన్ ధరకు మా ఊళ్లో పాడి బర్రె వస్తుందని అమ్మ లెక్క కట్టి చెప్పింది.

ఆపిల్ 2013లో ఐఫోన్ 5ఎస్‌తో వేలిముద్రను, 2017లో ఐఫోన్ టెన్‌తో ముఖాన్ని తాళంగా తెచ్చింది. దారిన పోయే ఎవరి వేలికో తెరుచుకునే అవకాశం 50 వేలలో ఒకటి, ముఖానికైతే 10 లక్షల్లో ఒకటి అని చెప్పుకుంది. ఇవన్నీ పరాయివాణ్ణి ఆపే లెక్కలు. ఇంటామెను గుమ్మం బయట నిలబెట్టే లెక్కలు మాత్రం ఏ కంపెనీ అంత గట్టిగా చాటదు. అయినా ఒక ఇంగితం పాటించారు. అయిదుసార్లు ముఖం కలవకపోతే ఐఫోన్ అంకెలు అడుగుతుంది. తన కన్ను పొరబడవచ్చని ముందే ఒప్పుకుని, పక్కన ఇంకో తలుపు పెట్టుకుంది.

అరిగిన వేళ్ల సంగతి పాలమూరుకు ఇంకా బాగా తెలుసు. మా అత్తమ్మ వేళ్లు పల్లికాయ ఒలిచి ఒలిచి నున్నబడ్డాయి. ఆమె తరం మగవాళ్లలో ఎందరో మేస్త్రీల వెంట మూటాముల్లె సర్దుకుని డ్యాములకు, కాలువలకు పోయినవాళ్లే. సిమెంటులో, సున్నంలో ఉండే క్షారం చర్మం పైపొరను తినేస్తుంది, ఇక ఇటుక, రాయి మిగిలింది గీకేస్తాయి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ రాతికట్టడపు ఆనకట్ట. దాని రాళ్లు మోసిన వేల చేతుల్ని ఏ యంత్రమూ ముద్ర అడగలేదు. అసలు ఈ దేశంలో పాలన కోసం చేతిముద్ర తీసుకోవడం మొదలైందే అటువంటి పనిదగ్గర. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో విలియం హెర్షెల్ అనే అధికారి రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందం కాగితం మీద అరచేయి ముద్ర వేయించుకున్నాడు. మాట తప్పకుండా కట్టిపడేయడానికి వేయించుకున్న ముద్ర అది. ఇప్పుడు అదే ముద్ర, కూలి చేసి అరగదీసుకున్న మనిషిని, నువ్వు నువ్వేనా అని నిలదీస్తున్నది.

వృద్ధులకు తెలంగాణ సర్కారు ఇచ్చే ఆసరా పింఛన్లను 2014 నవంబర్ 8న మొదలుపెట్టింది అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కొత్తూరులోనే. వెయ్యి రూపాయలతో మొదలై 2019లో 2,016కు పెరిగిన ఆ డబ్బు మా చిన్నమ్మకు మందుల ఖర్చు, పాల ఖర్చు. వేలు కలవని నెలల్లో ఊరి కార్యదర్శి వచ్చి తన వేలు పెట్టి ఇప్పించేవాడు. ఇలాంటి వెసులుబాటు దుర్వినియోగం కాకూడదని 2025లో ముఖ గుర్తింపు తెచ్చారు. వేలు అరిగిన వాళ్లకు అది నిజంగానే మేలు. కానీ చిన్నమ్మ వంతు వచ్చినప్పుడు నేను ఊళ్లోనే ఉన్నాను. కొంగు తీయమంటే తీసింది. "కండ్లు మూసి తెరువవ్వా" అంటే గట్టిగా మూసింది, తెరవమని చెప్పేదాకా తెరవలేదు. శుక్లాల ఆపరేషన్ అయిన కన్ను వెలుతురుకు నీరు కారుతున్నది. చెవి కూడా కొంచెం మందం. ఆధార్‌లో ఉన్న ఫొటో దశాబ్దం కిందటిది, అప్పటికి పండ్లన్నీ ఉన్నాయి. చివరికి ఆమె ముఖం కలిసింది. వెనకాల వరుసలో ఇద్దరు ఆడవాళ్లకు కలవలేదు, మళ్లీ రమ్మన్నారు.

మా పుట్టింటి వైపు మర్రిగూడ మండలంలో ఫ్లోరైడ్ నీళ్లు తాగి మెడ బిగుసుకుపోయినవాళ్లు, నడుం వంగిపోయినవాళ్లు ఇంకా ఉన్నారు. తలెత్తి కెమెరాలోకి చూడమంటే వాళ్లేం చేయాలి? ముఖం సరిగా చూపినా యంత్రం పొరబడొచ్చు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2019 డిసెంబర్‌లో 189 ముఖ గుర్తింపు ప్రోగ్రాములను పరీక్షించి, వాటిలో చాలావరకు తెల్లవాళ్ల ముఖాలకన్నా ఆసియా, ఆఫ్రికన్ అమెరికన్ ముఖాల విషయంలోనే ఒకరిని ఇంకొకరని ఎక్కువగా పొరబడతాయని తేల్చింది. ఆసియా దేశాల్లో తయారైన కొన్నింటిలో తూర్పు ఆసియా ముఖాలకు ఆ తేడా కనపడలేదు. ఎవరి ముఖాలతో నేర్పారో ఆ ముఖాలను బాగా గుర్తుపడుతుందేమో.

మామయ్య సంగతి వేరు. రిటైరైన బడిపంతులు, తెల్ల చొక్కా, అద్దాలు, అరుగు మీద మంచి వెలుతురు. రాష్ట్ర ప్రభుత్వ టీ యాప్ ఫోలియోలో సెల్ఫీ దిగి, బతికే ఉన్నానని సర్కారుకు చెప్పేసి, మళ్లీ పేపరు చేతికి తీసుకుంటాడు. ట్రెజరీ దాకా పోయే బాధ తప్పిందని ముఖం తాళానికి ఆయన ఓటు. కేంద్ర పింఛనుదారులకూ 2021 నుంచి జీవన్ ప్రమాణ్‌లో ముఖం చూపే వీలుంది. ఒకే తీరు యంత్రం, చిన్నమ్మకు ఒకలా, మామయ్యకు ఇంకోలా. సాఫీగా సాగిన చేతికి, కుదురుగా నిలిచిన ముఖానికి అది ఇట్టే లొంగుతుంది.

2018లో ఆధార్ సంస్థ సుప్రీంకోర్టు ముందు ఉంచిన లెక్కల్లో ప్రభుత్వ సేవల్లో సరిపోలిన ప్రయత్నాలు 88 శాతం. మిగిలిన 12 శాతంలో రెండోసారికో మూడోసారికో కలిసినవాళ్లూ ఉంటారు, వెనుదిరిగినవాళ్లూ ఉంటారు. ఓటీపీ ఉందిగా అనవచ్చు. ఆ ఓటీపీ వచ్చే ఫోనే వేలు కలవక తెరుచుకోకపోతే?

సంక్రాంతికి ఇంటికి పోయే మనవాళ్లకు నాలుగు మాటలు. అమ్మానాన్నల ఫోన్‌లో కుడి బొటనవేలు ఒక్కటే పెట్టి ఊరుకోకండి. పనిలో తక్కువ అరిగే ఎడమచేతి ఉంగరపు వేలు, చిటికెన వేలు కూడా ఎక్కించండి. పని రోజుల్లోనే ఎక్కించండి. అంకెల తాళం వాళ్లు మరవనిదై ఉండాలి, బ్యాంకు పిన్ మాత్రం కాకూడదు. ఆధార్‌లో ఫొటో పాతదైతే సెంటర్‌కు తీసుకుపోయి మార్పించండి.

ఇంటి ఫోన్‌కు ఇదంతా మనం చేసుకోగలం, పింఛన్ బల్ల దగ్గర చేయలేం. వేలూ ముఖమూ కలవని మనిషిని ఊరి సాక్ష్యంతో, కాగితంతో గుర్తించి, అదే రోజు డబ్బు చేతిలో పెట్టే ఏర్పాటు అక్కడ ఉండాలి. దుర్వినియోగమవుతుందన్న భయం ఉంటే ఆ సాక్షి పేరు రాసుకుని, తర్వాత తనిఖీ చేసుకోవచ్చు. ముసలామెను ఉత్త చేతులతో వెనక్కి పంపడం మాత్రం తనిఖీ అనిపించుకోదు.