తోలుకి మందంట కదేటి

డైమిథైల్ ఫ్యూమరేట్ మాత్ర రాసినప్పుడల్లా నరాల వైద్యుడిగా నాకు ఒక ప్రశ్న తప్పదు. రోగి అడగరు, వెంట వచ్చినవాళ్లు అడుగుతారు. ఫోన్లో మందు పేరు కొట్టి చూసుకుని, "బాబూ, ఇది తోలుకి మందంట కదేటి? మా పిల్లకి నరాల జబ్బన్నారు కదా?" అంటారు. బరంపురం తెలుగువాళ్లయినా, ఒడియావాళ్లయినా, ఇచ్ఛాపురం నుంచి బస్సెక్కి వచ్చినవాళ్లయినా అనుమానం ఒకటే. న్యాయమైన అనుమానం. ఆ మాత్ర పుట్టింది తోలు జబ్బుకే.

వాల్టర్ ష్వెకెన్‌డీక్ అని ఒక జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయనకే సోరియాసిస్. మన ఒంట్లో కణాలు తిండిని శక్తిగా మార్చుకునే క్రమంలో ఫ్యూమరిక్ ఆమ్లం తక్కువ పడడం వల్ల ఈ జబ్బు వస్తోందని ఆయన లెక్క వేసుకున్నాడు. ఆ లోటు పూడ్చడానికి ఆ ఆమ్లపు ఎస్టర్లను తన మీదే ప్రయోగించి, 1959లో ఫలితం ప్రచురించాడు. పొలుసులు తగ్గాయి. లెక్క మాత్రం తప్పు. సోరియాసిస్ ఏ ఆమ్లపు లోటూ కాదు. ఒంటిని కాపాడాల్సిన తెల్లకణాలు సొంత చర్మం మీదికే ఎగబడడం. కారణం తప్పు, మందు సరైనది. మా వృత్తిలో ఇలాంటివి మేం పైకి ఒప్పుకునేదానికంటే ఎక్కువే ఉన్నాయి.

1994లో జర్మనీ ఈ ఎస్టర్ల మిశ్రమాన్ని ఫ్యూమడెర్మ్ పేరుతో సోరియాసిస్‌కు అనుమతించింది. బోఖుమ్ విశ్వవిద్యాలయంలో చర్మవైద్యులు దీన్ని పరీక్షిస్తే, అక్కడి నరాల వైద్యులే తర్వాత దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) రోగులకు ఇచ్చి చూశారు. ఎం.ఎస్.లో తెల్లకణాలు ఎగబడేది మెదడు, వెన్నుపాముల్లోని నరాల పొర మీద. 2006లో వచ్చిన ఆ అధ్యయనంలో ఉన్నది పదిమందే. స్కానింగుల్లో కొత్త మచ్చలు బాగా తగ్గాయి. 2012లో రెండు పెద్ద పరీక్షల ఫలితాలు వచ్చాయి. అందులో ఒకదానిలో, రెండేళ్లలో జబ్బు తిరగబెట్టినవాళ్లు ఉత్తుత్తి మాత్ర మింగినవారిలో 46 శాతం, మందు మింగినవారిలో 27 శాతం. 2013 మార్చిలో అమెరికా అనుమతించింది. జర్మనీలో ఇరవై ఏళ్లుగా తోలుకి మింగుతున్న పదార్థానికి అక్కడ పెట్టిన ధర ఏడాదికి దాదాపు 55 వేల డాలర్లు! తర్వాత పేటెంటు దావాలో గెలిచి 2020లో అక్కడ చౌకరకం దించింది మైలాన్. మన హైదరాబాద్ మాట్రిక్స్‌ను కొనుక్కున్న కంపెనీయే అది. ఇప్పుడు మన దేశంలో కూడా చౌకరకాలు దొరుకుతున్నాయి కాబట్టే నాబోటివాడు బరంపురంలో కూర్చుని రాయగలుగుతున్నాడు.

ఒకామెకు మొదలుపెట్టిన సందర్భం చెబుతాను. గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చాను. ఇచ్ఛాపురం వైపు పుట్టిల్లు, ఇక్కడ పట్టు నేసే ఇంట్లో కోడలు, ముప్పై లోపు వయసు. మొదట ఒక కన్ను మసకబారింది, దానంతటదే సర్దుకుంది. ఏడాది తిరక్కుండా నడుము కిందంతా తిమ్మిరి. ఎమ్మారై చూశాక కూడా నేను వెంటనే ఎం.ఎస్. అనలేదు. మన దగ్గర దీనికి జంట జబ్బు ఒకటుంది, న్యూరోమైలైటిస్ ఆప్టికా. అదీ కంటినీ వెన్నునీ పట్టేదే గానీ, ఎం.ఎస్. మందులు కొన్ని దాన్ని ఎగదోస్తాయి. దాన్ని పట్టిచ్చే అక్వాపోరిన్ యాంటీబాడీలు లేవని పరీక్షలో తేలాకే ఈ మాత్ర రాశాను. మొదటి వారం 120 మిల్లీగ్రాములు రెండు పూటలా, తర్వాత 240.

అది ఠాకురాణి యాత్ర జరిగే ఏడు. రెండేళ్లకోసారి బుఢీ ఠాకురాణి పుట్టింటికి వచ్చే నెల అది. ఊరంతా వేషాలు, ఘటాలు, మొక్కులు. మాత్ర వేసుకున్న అరగంటకు కోడలి ముఖం, మెడ ఎర్రగా కంది మంట పుట్టేసరికి అత్తగారు ఇంకేమనుకుంటుంది? అమ్మవారు పోసిందనుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది, చద్దన్నం పెట్టింది, మందులన్నీ ఆపేసింది. కొడుకు వచ్చి భయంభయంగా చెప్పాడు. నేను ఆ పెద్దావిడనే పిలిపించి, "అమ్మా, అమ్మవారు వస్తే గంటలో వెళ్లిపోతుందా?" అని అడిగాను. "నేదు బాబూ, గంటలో ఎక్కడెళ్తాది" అంది. "కోడలికి ఎంతసేపుంది?" ఆవిడ కాసేపు ఆలోచించి, స్నానం చేసి వచ్చేలోపు తగ్గిపోయిందని ఒప్పుకుంది.

పరగడుపున వేసుకోవడం వల్ల వచ్చిన తంటా అది. ఈ మందు చర్మంలోని రక్తనాళాలను కాసేపు విప్పారుస్తుంది, కడుపును మెలిపెడుతుంది. పప్పో గుడ్డో కలిసిన అన్నం తిన్నాక వేసుకుంటే చాలామందికి ఓర్చుకునేంతగా తగ్గుతుంది, కొన్ని వారాలకు దాదాపు పోతుంది. మొదటి నెలలో మందు మానేసేవాళ్లలో ఎక్కువమంది జబ్బు పెరిగి మానరు, ఈ ఎర్రదనం చూసి జడిసి మానేస్తారని నా అంచనా. మందు ఏం చేస్తుందో చెప్పడం కంటే మొదటి వారంలో ముఖం ఎలా ఉంటుందో అత్తగారికి చెప్పడం ముఖ్యమని అప్పట్నుంచీ పాటిస్తున్నాను.

అసలు జాగ్రత్త వేరే ఉంది. ఈ మందు కొందరిలో లింఫోసైట్లను బాగా తగ్గించేస్తుంది. అలా నెలల తరబడి తగ్గి ఉంటే, చాలామంది ఒంట్లో ఏ హానీ చేయకుండా పడుండే జేసీ వైరస్ మెదడులో లేచే ప్రమాదం ఉంది. అది ప్రాణం తీసే జబ్బు. ఈ హెచ్చరిక మాకు ఎక్కడి నుంచి వచ్చింది? సోరియాసిస్ రోగుల నుంచే. అమెరికా అనుమతి వచ్చిన నెలకు, 2013 ఏప్రిల్‌లో, ఫ్యూమరేట్లు వాడుతున్న సోరియాసిస్ రోగుల్లో ఈ మెదడు జబ్బు వచ్చినట్టు రెండు నివేదికలు అచ్చయ్యాయి. మందుతో పాటు అపాయం కబురు కూడా చర్మవిభాగమే పంపింది. అందుకే మూడు నెలలకోసారి రక్తపరీక్ష అంటాను. ఇచ్ఛాపురంలోనే అయ్యే చవక పరీక్ష. దాన్ని మాత్రం ఎగ్గొట్టనివ్వను.

కథ ఇక్కడితో ఆగుంటే నేను రాసేవాణ్ని కాదు. ఆమె తమ్ముడు, గంజాం కుర్రాళ్లు చాలామందిలాగే, సూరత్ మిల్లులో పని చేస్తాడు. అతనికి సోరియాసిస్. ఏళ్ల తరబడి తామరనుకుని కనబడ్డ లేపనమల్లా రాసి, చివరికి కీళ్లు వాచాక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాడు. సెలవుకి వచ్చి నా ముందు కూర్చుని మొదటి మాటే, "మా అప్ప మాత్ర మా జబ్బుదే కదా, చెరిసగం వాడుకోమా?" అన్నాడు. నవ్వొచ్చింది గానీ తర్కంలో లోపం లేదు. అది కీళ్లకు నమ్మదగ్గ మందు కాదని చెబుతుంటే, సూరత్‌లో రాసిన చీటీ తీశాడు. అడాలిముమాబ్ ఇంజెక్షన్. టీఎన్ఎఫ్ అనే వాపు రసాయనానికి అడ్డుకట్ట వేసే మందు. తోలుకీ కీళ్లకీ పేరున్న మందు. ఇంట్లో ఎవరికైనా ఎం.ఎస్. ఉందా అని అడిగారా అంటే, లేదన్నాడు.

ఎందుకు అడగాలంటే: ఎం.ఎస్. మచ్చల్లో కూడా టీఎన్ఎఫ్ ఎక్కువే. దాన్ని ఆపితే ఎం.ఎస్. తగ్గాలని ఎవరైనా అనుకుంటారు, ఎలకల్లో అలాగే కనబడింది. లెనర్‌సెప్ట్ అనే మందుతో 168 మందిని పరీక్షించారు. 1999లో ఫలితం వచ్చింది: మందు తీసుకున్నవాళ్లకే జబ్బు ఎక్కువసార్లు తిరగబెట్టింది. సోరియాసిస్‌ను అద్భుతంగా తగ్గించే ఉస్టెకినుమాబ్‌ను కూడా ఎం.ఎస్.లో చూశారు. ఆ మందు అడ్డుకునే దారి ఎం.ఎస్.లో ముఖ్యమని పుస్తకాలు చెప్పేవి. 2008లో వచ్చిన ఫలితం సున్నా. ష్వెకెన్‌డీక్ తప్పు లెక్కకు సరైన మందు దక్కింది, వీళ్ల చక్కటి లెక్కలకు ఒకటి వికటించింది, ఒకటి వృథా అయింది. రెండు జబ్బులకూ చుట్టరికం ఉందన్నది నిజమే. దాన్ని నమ్ముకుని మందు రాయకూడదన్నదీ అంతే నిజం.

ఎం.ఎస్. రోగుల తోబుట్టువులకు కూడా టీఎన్ఎఫ్ మందులు వద్దంటారు. సూరత్ డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన సావధానంగా విని, వేరే దారిలో పనిచేసే సెక్యుకినుమాబ్‌కు మార్చారు. తమ్ముడికి కీళ్లు తేలికపడ్డాయి. మళ్లీ సెలవుకి వచ్చినప్పుడు, ఊహించినట్టే, "బాబూ, ఈ సూది అప్పకి పనిచేస్తాదేటి?" అన్నాడు.

దాన్నీ చూశారు. 73 మంది ఎం.ఎస్. రోగుల మీద చిన్న పరీక్ష. స్కానింగులో మచ్చలు తగ్గాయి, జబ్బు తిరగబెట్టడంలో తేడా గట్టిగా తేలలేదు, పెద్ద పరీక్షేదీ పూర్తి కాలేదు. ఈ సంగతంతా అతనికి చెప్పి, నీ సూది నీది, మీ అప్ప మాత్ర మీ అప్పది అని పంపించి, ఆమె రక్తపరీక్ష కాగితం ఏదని అడిగాను.