తేరిన నీరు

గోదావరికి క్రొత్తనీరు వచ్చినపుడు మన పెద్దలు బిందెలోనికి నీరు తెచ్చి, చిల్లగింజ యరగదీసి కలిపి, తేరిన పిదపనే త్రాగుచుండిరి. క్రొత్తనీరు వలదని వారనలేదు; తేరనిమ్మనిరి. కంప్యూటరు విషయమున మాకీ మాట జ్ఞప్తికి వచ్చినది.

మావారు బడిపిల్లల ప్రశ్నపత్రములును, మేము ఇంటిపద్దులును ఒక పాత కంప్యూటరునందే వ్రాసికొందుము. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి సాధారణ పోషణము ముగిసినది. మా యంత్రము విండోస్ 11కు తగినది కాదు. కావున లినక్సును స్థాపించితిమి.

లినక్సులు రెండు తెఱగులు. డెబియన్ వంటివి ఇంచుమించు రెండేండ్ల కొకమారు క్రొత్తరూపున వెలువడును. మఱికొన్ని యేటివలె నెడతెగక మారుచుండును. వీనిని రోలింగ్ రిలీజ్ అందురు. ఒక్కదినమున నిల్లంతయు కదల్చు శ్రమ యుండదని మేము రెండవ తెగలో మిక్కిలి వడిగలదాని నెన్నుకొంటిమి. పరీక్షకు ముందునాటి రాత్రి నవీకరణము చేయగా తెర వెలుగలేదు. మావారు పల్లెత్తుమాట యనక, తెల్లవారువఱకు కూర్చుండి ప్రశ్నపత్రమును చేతితో మరల వ్రాసిరి. ఆ మౌనమే మమ్ము మిక్కిలి నొప్పించినది.

నెలకొకమారే నవీకరింతమని తలచితిమి. అట్లయిన భద్రతా సవరణలును నెలవఱకు నిలిచిపోవును. వానిని మాత్రమే యేరి తీసికొందమన్న, నొండొంటిపై నాధారపడిన భాగములు పొసగక చెడవచ్చును.

అపుడు ఓపెన్‌సూసే వారి స్లోరోల్ మా కంటబడినది. 2023లో నారంభమైన యిది వారి టంబుల్‌వీడ్ నుండి పుట్టినది. పెద్దమార్పులు సుమారు నెలకొకమారు వచ్చును. భద్రతా సవరణలును దోషనివారణలును నడుమ నడుమ వచ్చుచునే యుండును. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అను ఫైలు వ్యవస్థతో స్థాపించినచో, స్నాపర్ అను సాధనము నవీకరణమునకు ముందటి స్థితిని గుర్తుంచుకొనును. చెడినపుడు యంత్రము ప్రారంభించుచునే యా స్థితి నెన్నుకొనవచ్చును. కాని మన సొంత వ్రాతలుండు హోమ్ భాగము సాధారణముగా దానిలో చేరదు. వాని ప్రతిని వేరొక డిస్కులో దాచుకొనుట మఱువరాదు.

క్రొత్తవానితో పనిలేని యిండ్లకు డెబియన్ వంటిదే మేలు. క్రొత్తవియు కావలెను, నిశ్చింతయు కావలెనను వారికి మా త్రోవ యిది. పరీక్షల వారమున మాత్రము మేమిప్పటికిని నవీకరణము జోలికి పోము.

మావారు మొన్నటి ప్రశ్నపత్రమును మరల యంత్రముపైననే వ్రాసిరి. మాకంతియే చాలును.