కడిగి ఆరేసిన ఊరు

సకమొతొ స్టేషనులో ప్లాట్‌ఫాం బాగా ఎత్తున ఉంటుంది. రైలు దిగి తూర్పు వైపు తిరిగితే పసిఫిక్ కనిపిస్తుంది. మనకూ దానికీ మధ్య ఇళ్లన్నవి లేవు. దున్నిన పొలాలు, ప్లాస్టిక్ కప్పిన స్ట్రాబెర్రీ షెడ్లు, మళ్లీ పొలాలు, ఆ చివర సముద్రపు కట్ట. ఫిబ్రవరి గాలి చెవుల్లో దూరి గుచ్చుతోంది. నాతో వచ్చిన కుర్రాడు సెన్దాయ్‌లో పరిశోధన చేస్తున్నాడు, విజయవాడ సింగ్‌నగర్ వాళ్లబ్బాయి, నాకు తమ్ముడి వరస. "అన్నయ్యా, ఈ స్టేషను ఇక్కడ ఉండేది కాదు. పాతది అటు, సముద్రం వైపు" అని చేయి చాపి చూపించాడు.

సెన్దాయ్‌కి దక్షిణాన, మియాగి జిల్లాకి ఆ కొసన ఉన్న ఊరు యమమోతొ. సునామీకి ముందు పదిహేడు వేలలోపు జనాభా. స్ట్రాబెర్రీ తోటలు, చేపలు, ఆపిల్ చెట్లు. 2011 మార్చి 11 మధ్యాహ్నం భూకంపం వచ్చి, ఆ వెనకే సముద్రం ఊరిమీదికి వచ్చింది. ఆరు వందల మందికి పైగా పోయారు. సముద్రం పక్కనే పోయే జోబాన్ లైను కొట్టుకుపోతే, పట్టాలను లోపలికి జరిపి, ఎత్తు మీద వేసి, 2016 డిసెంబరులో మళ్లీ రైళ్లు నడిపారు. స్టేషన్లు జరిగాయి, వాటి వెంట ఊరూ జరిగింది. కొత్త ఇళ్లన్నీ ఒకే ఈడువి. ముసలి ఇల్లు లేని వీధిలో నడవడం ఎలా ఉంటుందో దివిసీమలో 1977 ఉప్పెన తరవాత కట్టిన కాలనీలు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

నన్ను ఇంత దూరం రప్పించింది ఒక పుస్తకం. మునెమాసా తకాహషి అనే ఫొటోగ్రాఫరు 2014లో వేసిన ఆ పుస్తకం టోక్యోలో ఒక పాత పుస్తకాల షాపులో చేతికి దొరికింది. అందులో సునామీ ఫొటోలుంటాయనుకుని తెరిచాను. అలా ఒక్కటీ లేదు. పెళ్లిళ్లు, బడి ఆటల పోటీలు, పుట్టినరోజు కేకులు, గడపలో కూర్చున్న అవ్వలు. అయితే చాలా ఫొటోల్లో మనుషుల మొహాలు లేవు. అంచుల నుంచి నారింజ, పసుపు, ఆఖరికి తెలుపు పాకి వచ్చి మనిషిని మింగేశాయి. పట్టుచీర లాంటి కిమొనో మిగిలింది, కట్టుకున్నామె లేదు.

ఆ రంగులకి కారణం ఉంది. మనం స్టూడియోల్లో కడిగించుకున్న రంగుల ఫొటో కాగితం మీద మడత కాజాలోలాగా పొరలుంటాయి. పైన నీలి ఆకుపచ్చ, మధ్యలో ముదురు గులాబీ, అట్టడుగున పసుపు. ఈ పొరలను పట్టి ఉంచేది జెలటిన్. ఉప్పునీళ్లలో, బురదలో నానితే అది మెత్తబడుతుంది, సూక్ష్మజీవులకు మేత అవుతుంది. పై పొర ముందు పోతుంది కనుక బొమ్మ ఎర్రబడుతుంది. రెండోది పోతే పసుపు. అదీ పోతే ఉత్త కాగితం. సాధారణంగా అంచుల్లో మొదలై నడిమికి వస్తుంది. అంటే ఫొటో మధ్యలో నిలబడ్డవాళ్లు ఎక్కువ కాలం బతుకుతారన్నమాట. గ్రూపు ఫొటోలో మూలకి నిలబడే అలవాటున్న మా మేనమామ గుర్తొచ్చాడు.

ఆ ఫొటోలను ఏరింది మొదట సైనికులు. శవాలకోసం, బతికున్నవాళ్లకోసం శిథిలాలు తవ్వుతున్నవాళ్లు, ఆల్బం కనిపిస్తే తీసి పక్కన పెట్టారు. అది వాళ్ల డ్యూటీలో రాసి ఉన్నది కాదు. అలా ఒక బడి వ్యాయామశాలలో పోగుపడ్డ ఫొటోలు సుమారు ఏడున్నర లక్షలు. అప్పటి ఊరి జనాభాతో భాగించి చూస్తే తల ఒక్కింటికి నలభై పైచిలుకు. ఎండలు ముదిరితే అవన్నీ బూజు పట్టిపోతాయి. అప్పట్లో ఒత్సుమా మహిళా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న కునియోమి షిబాతా అనే సామాజిక శాస్త్రవేత్త ఆధ్వర్యంలో కాలేజీ పిల్లలు, వాలంటీర్లు దిగారు. తకాహషి కూడా వాళ్లతో చేరాడు. ఆల్బంలు విప్పడం, చల్లని నీళ్లలో మెత్తని కుంచెతో, వేళ్లతో బురద తీయడం, తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేయడం, ఒక్కోదాన్నీ డిజిటల్ కెమెరాతో మళ్లీ ఫొటో తీసి నంబరు వేయడం. ఎవరైనా వచ్చి అడిగితే కంప్యూటరులో వెతికి నంబరు చెప్పాలి కదా. ఫొటోలు కడగడం ఎలాగో ఫ్యూజీఫిల్మ్ కంపెనీ ఆ ఏడాది తీరమంతా తిరిగి నేర్పింది. అమ్మిన కాగితం బాధ్యత అమ్మినవాడు మోయడం నాకు నచ్చింది.

ఎంత కడిగినా ఎవరివో ఎవరూ చెప్పలేనంతగా పాడైనవి మిగిలాయి. ఆశ లేనివని వాటిని వేరే పెట్టెల్లో వేశారు. పారేయాల్సినవే. తకాహషి, అతని స్నేహితులు వాటిని పారేయకుండా 2012లో టోక్యోలో గోడనిండా అతికించి ప్రదర్శన పెట్టారు. అదే ఏడు లాస్ ఏంజెలిస్, న్యూయార్క్, ఇంకా కొన్ని నగరాలకి తీసుకెళ్లారు. ప్రదర్శనకి 'లాస్ట్ అండ్ ఫౌండ్' అని పేరు. చూడవచ్చినవాళ్లు వేసిన విరాళాలు యమమోతొకి పంపారు.

ఫొటోలతో చందాలు పోగేయడం కొత్తేమీ కాదు. ఏ భూకంపం వచ్చినా, ఏ వరద వచ్చినా ఫొటోగ్రాఫర్లు ప్రింట్లు అమ్మి ఆ డబ్బు పంపుతూనే ఉంటారు. నేపాల్‌లో 2015లోనూ చేశారు. కానీ చందా కోసం చూపించే ఫొటో అనగానే నా మనసు ముందు మన నేల మీదికే పోతుంది. 1876-78 నాటి కరువు, మన పెద్దలు ధాత కరువు అన్నది, కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలను ఊడ్చేసిన కాలంలో విల్లోబీ వాలెస్ హూపర్ అనే మద్రాసు సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషులను వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ బొమ్మలు ఇంగ్లండు చేరి జనాన్ని కదిలించాయి. ఫొటో తీసుకుని వాళ్లకి మెతుకు పెట్టకుండా పంపేశాడన్న అపవాదు హూపరుకి మిగిలిపోయింది. అందులో నిజమెంతో పక్కన పెట్టినా, ఆ ఫొటోలు ఇప్పటికీ చూడలేం. ఆ కూర్చున్నవాళ్లకి పేర్లు లేవు. వాళ్లకి అంతకు ముందు ఒక పెళ్లి జరిగిందని, పిల్లాడికి పుట్టువెంట్రుకలు తీయించారని ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. ఆకలి ఒక్కటే ఉంటుంది. నూట యాభై ఏళ్ల తరవాత మన వాట్సాప్‌కి వచ్చే విరాళాల పోస్టర్లు చూడండి. ఏడుస్తున్న పిల్ల, కింద క్యూఆర్ కోడ్.

యమమోతొ గోడ మీద ఆకలి, ఏడుపు లేవు. సముద్రం రాకముందు ఊరు ఎలా ఉండేదో అదే ఉంది. మొహాలు పోయాయి కనుక దూరదేశం నుంచి వచ్చినవాడు ఆ ఖాళీలో తనవాళ్లని పెట్టుకుంటాడు. జేబులో చెయ్యి పెట్టించేది జాలి కాదు, పోలిక. నాకు అది ఎక్కువ మర్యాదగా కనిపించింది. అయినా ఒక సంగతి గుచ్చుతూనే ఉంది: ఎవరింటి పెళ్లో వాళ్లని అడగకుండా న్యూయార్క్ గోడ మీద పెట్టొచ్చా? మొహం గుర్తుపట్టలేనిదైనా, ఆ కిమొనో కుట్టినామెకి తెలియదా? ఈ ప్రశ్న మనసులో వేసుకునే నేను నకహామా బడికి వెళ్లాను.

స్టేషను నుంచి టాక్సీలో పది నిమిషాలలోపే. నకహామా ప్రాథమిక పాఠశాల సముద్రానికి కూతవేటు దూరంలో, చుట్టూ ఒక్క ఇల్లూ లేకుండా నిలబడి ఉంది. సునామీ నాటి రూపంలోనే ఉంచి 2020 నుంచి జనాన్ని లోపలికి రానిస్తున్నారు. వంగిపోయిన ఇనుప గొట్టాలు, పైకప్పు నుంచి వేలాడే తీగలు, నీళ్లు ఎంతవరకు వచ్చాయో గోడ మీద గుర్తు. రెండో అంతస్తు పైకప్పు దాకా వచ్చాయి. ఆ రోజు పిల్లలు, టీచర్లు, ఊరివాళ్లు కలిసి 90 మంది పై కప్పు కింద సామాన్లు వేసే గదిలోకి ఎక్కి ఆ రాత్రి గడిపారు. పది నిమిషాల్లో కెరటం వస్తుందన్నారు, ఎత్తైన చోటుకి నడిచి వెళ్లడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఉన్నచోటనే పైకి వెళ్దామన్నారు హెడ్‌మాస్టరు. చీకట్లో, కటిక చలిలో, బడి నాటకాల కోసం దాచిన సామాన్లు, అట్టలు కప్పుకున్నారు. మర్నాడు హెలికాప్టర్లొచ్చి అందరినీ దింపాయి. ఒక్కరూ పోలేదు. ఆ గది చూశాను. చెక్కనేల. నిలబడితే తల తగిలేంత తక్కువ చోట్లున్నాయి.

అక్కడ చూపించే పెద్దావిడ డెబ్బై దాటి ఉంటుంది. తమ్ముడు నా ప్రశ్నలు జపానీలోకి మార్చాడు. మీ ఫొటోలు దొరికాయా అని అడిగించాను. ఆవిడ నవ్వింది.

"మా ఇంటివి ఒక్కటీ దొరకలేదు. నేనున్నవి దొరికాయి."

అర్థం కాలేదు. వివరంగా చెప్పింది. ఆవిడ ఆల్బంలు సముద్రంలోకి పోయాయి. కానీ ఎదురింటివాళ్ల అబ్బాయి పెళ్లి ఫొటోలో రెండో వరసలో ఆవిడున్నారు. పక్కింటి పాప బడిలో చేరిన రోజు గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డది ఆవిడే. అవి ఆ ఇళ్లవాళ్లకి చేరాయి, వాళ్లు ఈవిడకి కాపీలు తీసి ఇచ్చారు. చనిపోయిన భర్త కూడా అలాగే, ఇంకెవరి పడవ పండగ ఫొటోలోనో చేతిలో సారాయి గ్లాసుతో దొరికాడట. "మంచి ఫొటో కాదు, కళ్లు మూసుకున్నాడు. ఏం చేస్తాం, అదొక్కటే" అంది.

ప్రదర్శన గురించి నా సందేహం ఆవిడ ముందు పెట్టాను. అడగకుండా చూపించడం బాధగా లేదా? ఆవిడ కాసేపు ఆగి, చూపించడం కంటే పారేయడం కష్టంగా ఉండేదని మాత్రం చెప్పి మెట్ల వైపు నడిచింది. అందరి జవాబూ ఇదే అయి ఉంటుందని నేననుకోను. కానీ ఒక ఊళ్లో ఒకరి ఫొటో ఒకరిదే కాదని ఆవిడ మాటల్లో తెలిసింది. మా అమ్మ చెల్లెలు దివిసీమ ఉప్పెనలో పోయింది. ఆ ఇంట్లో ఫొటో అనేదే లేదు, ఆ రోజుల్లో ఎంతమంది ఇళ్లలో ఉండేవి గనక. నాగాయలంక వైపు వాళ్ల పెళ్లి ఫొటోల్లో ఎక్కడైనా వెనక వరసలో ఆమె ఉందేమోనని ఇన్నేళ్లలో ఎవరికీ తట్టలేదు. ఆ ఉప్పెనకి సినిమా హీరోలు రామారావు, నాగేశ్వరరావు జోలె పట్టి వీధుల్లో తిరిగి చందాలు పోగేసిన సంగతి మాత్రం ఊరూరా చెప్పుకుంటారు. డబ్బు వచ్చింది, ఇళ్లు లేచాయి. పోయినవాళ్ల మొహాల సంగతి ఎవరి పట్టీలోనూ లేదు.

డబ్బు లెక్కకి వస్తే, సముద్రపు కట్టకి, పట్టాలకి, కొత్త కాలనీలకి జపాను ప్రభుత్వం ధారపోసిన దాని ముందు ప్రదర్శన విరాళాలు ఏపాటివి! తీరం వెంట కాంక్రీటు కట్ట మీద నడుస్తుంటే ఆ తేడా కాళ్లకే తెలుస్తుంది. కానీ కాంక్రీటు పోసే పద్దులో ఫొటో కడిగే పని ఉండదు. కుంచెలు, క్లిప్పులు, పిల్లల బస్సు చార్జీలు, నెలల తరబడి ఓపిక, ఇవి ఎవరో అడిగి తేవలసినవే. విరాళం పని చేసేది అలాంటి చోట్లేనని నా అభిప్రాయం, ప్రభుత్వం చూపు ఆననంత చిన్న చోట్ల.

తిరుగు దారిలో స్టేషను దగ్గర స్ట్రాబెర్రీలు అమ్మే అంగడికి వెళ్లాం. ఇక్కడ తోటల్లో చాలావరకు ఉప్పునీళ్లకి పోయి మళ్లీ లేచినవే. ఒక పెట్టె కొన్నాం. ధర చూసి తమ్ముడు గుటక మింగాడు. రైలుకి ఇంకా టైముంది. నాలుగు పళ్లు తిన్నాక అతను ఫోన్ తీసి విజయవాడలో వాళ్ల మేనత్తకి కాల్ చేశాడు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు వాళ్ల ఇంట్లో మంచాల ఎత్తు నీళ్లు నిలిచాయి.

"అత్తా, మీ పెళ్లి ఆల్బం ఏం చేశారు?"

"ఇప్పుడు గుర్తొచ్చిందా నీకు? మున్సిపాలిటీ ట్రాక్టరు వస్తే పరుపులతో పాటు వేసేశాం. పాచి కంపు కొట్టిందిరా."

"అన్నీ వేసేశారా?"

"మీ మావయ్య తరఫువి ఒక కట్ట ఉంది. అతుక్కుపోయింది. విడదీస్తే చిరుగుతున్నాయి. బీరువా పైన పడేశా."

తమ్ముడు నా వైపు చూశాడు. నేను ఫోను తీసుకుని చెప్పాను. చేత్తో లాగొద్దమ్మా. వెడల్పు పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి కట్టని అందులో ఉంచండి, వేడినీళ్లు వద్దు. మెత్తబడ్డాక వాటంతటవే విడివడితే సరే, లేకపోతే అలాగే వదిలేయండి. విడివడ్డవాటి బొమ్మ వైపు వేలు పెట్టి రుద్దకండి. నీడలో, బట్టల క్లిప్పులకి వేలాడదీయండి. ఎండలో వద్దు. ఇంకులో ప్రింటు తీసినవైతే నీళ్లలో అసలు పెట్టకండి, రంగు కరిగిపోతుంది. విడివడ్డాక ఒక్కోదాన్నీ ఫోనుతో ఫొటో తీసి ఉంచుకోండి.

"స్టూడియోవో ఇంకువో నాకెలా తెలుస్తుంది బాబూ?"

వెనక వైపు తిప్పి కంపెనీ పేరు అచ్చయి ఉందేమో చూడమన్నాను. అది ఉంటే స్టూడియోదై ఉండొచ్చు, ఖాయంగా చెప్పలేం. ఆవిడ బీరువా మీద నుంచి కట్ట దింపడానికి స్టూలు తెమ్మని ఎవరినో కేకేసింది.