దొరకని మాట

సాహిత్య విమర్శలో లెక్కలకు చోటు ఉన్నదా అని మిత్రులు తరచు అడుగుతుంటారు. ఉన్నదనే నా నమ్మకం. కాని ఆ లెక్కే ఒకసారి నలుగురిలో నా చేత తప్పు ఒప్పించింది. అది దాచుకోవలసిన సంగతి కాదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

కిందటేడు ఒక అధ్యయన తరగతిలో పల్లెజీవితపు కథలను గూర్చి మాట్లాడవలసి వచ్చింది. విద్యార్థులు కంప్యూటరులోకి ఎక్కించినవి, ప్రెస్సుల నుంచి సంపాదించినవి పాతకథల ఫైళ్ళు నా దగ్గర ఉన్నవి. అన్నీ తెరిచి చదివే ఓపిక లేక గ్రెప్ అనే పనిముట్టును ఆశ్రయించాను. నల్లని తెరమీద ఆజ్ఞ టైపు చేసి, కావలసిన మాటా, వెతకవలసిన ఫైళ్ళ పేర్లూ ఇస్తే, ఆ మాట ఉన్న ప్రతి పంక్తినీ అది రెప్పపాటులో తెచ్చి ముందు పెడుతుంది.

దీని పుట్టుక మనబోటివాళ్ళు తెలుసుకోదగినదే. అమెరికాలోని బెల్ లాబరేటరీస్‌లో కెన్ థాంప్సన్ దీనిని రాశాడు. 1973 నాటికి ఇది యూనిక్స్‌లో చేరింది. అక్కడే పనిచేసే లీ మెక్‌మాన్‌కు ఫెడరలిస్టు వ్యాసాలను పరిశీలించాలని ఉండేది. 1787-88లో వెలువడిన ఆ 85 వ్యాసాలలో కొన్నిటికి కర్త ఎవరన్నది పాత తగాదా. అప్పటి ఎడిటరు ‘ఈడీ’లో అంత పెద్ద పాఠం ఇమడలేదు. అందులో ‘జి, ఆర్‌ఈ, పి’ అనే ఆజ్ఞ ఒకటి ఉండేది: పాఠం మొత్తంలో ఈ నమూనాకు సరిపడే పంక్తులన్నీ చూపమని దాని అర్థం. ఆ ఒక్క పనినీ విడదీసి వేరే పనిముట్టు చేశారు. ఆజ్ఞలోని అక్షరాలే దాని పేరైనవి. తరువాత గ్నూ వారు దానిని తిరిగి రాసి, ఎవరైనా వాడుకోవచ్చు, విప్పి చూడవచ్చు, మార్చుకోవచ్చు అన్నారు. నేను వాడినది అదే. పనిముట్టు ఉమ్మడిసొత్తు కావడం మంచిదే. కాని దానిని పట్టిన చేతికి బాధ్యత తప్పదు.

నేను వెతికిన మాట ‘కూలి’. ‘సి’ అనే గుర్తు జతచేసి లెక్క కూడా చెప్పమన్నాను. చాలా చిన్న అంకెలు వచ్చినవి. కొన్ని ఫైళ్ళకు సున్నాలే. వాటిని చేతబట్టుకుని, ఈ కథకులకు స్త్రీల శ్రమ కనబడనేలేదని సభలో గట్టిగా చెప్పాను. చప్పట్లు కూడా పడ్డవి.

సభ ముగిశాక ఒక విద్యార్థిని వచ్చి, “మాస్టారూ, ఆ కథల్లో ఇంటి ఆడవాళ్ళకు ఎవరూ కూలి ఇవ్వలేదు కదండీ. ఇవ్వని కూలికి మాట ఎక్కడ దొరుకుతుంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మళ్ళీ కూర్చున్నాను. ‘సి’ లెక్కించేది పంక్తులనే గాని మాటలను కాదు. మా పిల్లలు పేరా అంతా ఒకే పంక్తిగా కొట్టారు. అందులో మాట పదిసార్లు వచ్చినా లెక్క ఒకటే. పైగా యంత్రానికి ‘కూలి’ వేరు, ‘కూలీ’ వేరు. దీర్ఘం ఉన్నవేవీ నాకు దక్కలేదు. పోనీ, దక్కినవన్నీ నావేనా? గోడ కూలిపోవడమూ, వాన అనుకూలించడమూ ఆ లెక్కలో చేరినవి! ఇక ప్రెస్సు ఫైళ్ళు కొన్ని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. తెరమీద కనబడేది తెలుగే గాని లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు. వాటిలో గ్రెప్‌కు ఒక్క తెలుగు మాటా దొరకదు. అది నిస్సంకోచంగా సున్నా వేసింది. ఆ సున్నాను నేను రచయితలకు అంటగట్టాను.

ఇవన్నీ దిద్దుకోగలిగినవే. రెండు రూపాలనూ ఒకే ఆజ్ఞలో అడగవచ్చు. ‘ఓ’ గుర్తుతో దొరికిన ప్రతి మాటనూ వేరే పంక్తిలో తెప్పించి లెక్కించవచ్చు. ఫాంట్లను యూనికోడులోకి మార్చవచ్చు. ఆ అమ్మాయి ప్రశ్నకు మాత్రం ఏ గుర్తూ చాలదు.

అప్పుడు పొయ్యి, బిందె, కలుపు, రోలు, పేడ అని వెతికాను. తెర నిండిపోయింది. ఈ మాటలు నాకు యంత్రం చెప్పలేదు. మా అమ్మ తెల్లవారుజాము నుంచి పడుకునేదాకా చేసిన పనులు తలచుకుంటే వచ్చినవి. అయితే కథలో బిందె ఉన్నంతమాత్రాన రచయిత దాని బరువు చూశాడని కాదు. కొందరికి అది చంకనెక్కిన అలంకారం, కొందరికి రెండు మైళ్ళ నడక. ఈ తేడా తెలియడానికి ఆ కథలను మొదటినుంచి చివరిదాకా చదివాను. చదవకుండా తప్పించుకుందామనే కదా గ్రెప్ దగ్గరికి పోయింది!

తరువాతి తరగతిలో నా మాట వెనక్కు తీసుకుని, ఆ విద్యార్థిని ప్రశ్నతోనే కొత్త ఉపన్యాసం మొదలుపెట్టాను. గ్రెప్‌ను మానలేదు. ఇప్పుడు అది చూపిన ప్రతి పంక్తి దగ్గరా కథ తెరుస్తున్నాను. సున్నా వేసిన చోట ముందుగా తెరుస్తున్నాను.