షిఫ్టు మార్చే పరుగు

2024 ఆగస్టు 9, శుక్రవారం. మధ్యాహ్నం అన్నం తిని కాస్త నడుం వాలుద్దామనుకుంటా ఉంటే మనవరాలు ఫోను పట్టుకుని వచ్చింది. "తాతా, పారిస్ ఒలింపిక్స్‌లో మన అక్కలు ఉరుకుతారు, చూద్దాం రా. అందులో ఒక తెలుగు అక్క కూడా ఉంది" అనింది. ధర్మపురిలో పుట్టిన పిల్ల. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు. తెలుగు అక్క అనేసరికి నాకూ నిద్ర పోయింది.

ఆ అమ్మాయి పేరు దండి జ్యోతిక శ్రీ. పశ్చిమ గోదావరి జిల్లా తణుకు పిల్ల. 400 మీటర్ల పరుగు ఆమెది. ఆ రోజు నలుగురు కలిసి ఉరికే 4×400 రిలే. మొదట కోయంబత్తూరు విద్యా రామ్‌రాజ్, లారీ డ్రైవరు కూతురు. రెండోది జ్యోతిక, తర్వాత కర్ణాటక పూవమ్మ, కడకు తిరుచ్చి శుభా వెంకటేశన్.

మనవాళ్ళు ఆ గుంపులో ఎనిమిదో స్థానం, అంటే అందరికన్నా వెనక. 3 నిమిషాల 32.51 సెకన్లు. పక్కింటాయన "కడాన రావడానికా అంత దూరం పోయింది" అని నవ్వె. పిల్ల మొహం వాడిపోయింది.

నేను దాన్ని కూర్చోబెట్టి చెప్పినా. ఆ పోటీకి లోకమంతా కలిపి 16 దేశాలకే చోటు. ఆ ఏడు మే నెలలో బహమాస్ దేశం నసావ్‌లో రిలే పోటీలు జరిగితే, మొదటి రోజు మనవాళ్ళకు చోటు దొరకలేదు. మరుసటి రోజు మళ్ళీ దిగిరి. మూడో పరుగు జ్యోతికది. 3 నిమిషాల 29.35 సెకన్లలో, జమైకా వెనకాల రెండోదిగా వచ్చి టికెట్టు తెచ్చుకునిరి. అది చిన్న పనా?

నేను స్పిన్నింగ్ మిల్లులో 31 ఏండ్లు రింగ్ ఫ్రేము చూసినవాణ్ణి. షిఫ్టు మారేటప్పుడు తెగిన దారాలన్నీ అతికించి మిషను అప్పగించేవాడు ఒకడు. సైరన్ కూయకముందే సంచి తగిలించుకుని గేటు కాడ నిలబడేవాడు ఇంకొకడు. వాడు వదిలేసిన పని ఎనిమిది గంటలు మన మెడకు చుట్టుకుంటుంది. రిలే కూడా అంతే. ముందు పిల్ల అలిసిపోయి వస్తా ఉంటే, అందుకునే పిల్ల వెనక్కి తిరిగి చూసి బ్యాటన్ తీసుకోవాల. 20 మీటర్ల లోపలే చేతులు మారాల. గీత దాటితే నలుగురి కష్టమూ పాయె.

ఇదంతా చెప్తా ఉంటే నా కడుపులో ఏదో తిప్పినట్టాయె. ఎందుకంటే నా కూతురూ ఉరికిన పిల్లే. ఎనిమిదో తరగతిలో జిల్లా పోటీల్లో కప్పు తెచ్చింది. ఆటల టీచరు ఇంటికి వచ్చి "అన్నా, పాపను స్పోర్ట్స్ హాస్టల్లో చేర్పించండి" అని ఎంత చెప్పినా నేను వినలే. అప్పుడు మిల్లులో లేఆఫ్. అప్పుల మీద అప్పు. పదో తరగతి అయిపోగానే దాన్నీ మిల్లుకే పంపిస్తి. అది ఒక్క మాట అనలే. ఆ కప్పు ఇప్పటికీ అటక మీద ఉంది. నా చేతిలోని బ్యాటన్ నేను అందియ్యలే. ఆ సంగతి నాకు తెలుసు, దానికీ తెలుసు.

ఇప్పుడు మనవరాలు బడి రిలే జట్టులో ఉంది. నా కూతురు తెల్లారి అయిదుకు లేచి దాన్ని గ్రౌండులో దించి, ఆ మీదట డ్యూటీకి పోతుంది. 2025 మేలో దక్షిణ కొరియాలోని గుమిలో జరిగిన ఆసియా పోటీల్లో మన ఆడపిల్లల 4×400 జట్టు బంగారు పతకం తెచ్చింది. అందులో అప్పట్లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్న కూనవరం కాడి గిరిజన పిల్ల, కుంజా రజిత ఉంది. కడాన ఉరికింది మళ్ళీ ఆ శుభానే. అంతకు ముందు ఏడు పారిస్‌లో వెనకబడిన శుభా. మనవరాలు ఈ కబురు పట్టుకుని ముందు పక్కింటికే పోయింది!

పోయిన నెల పింఛను రాగానే పిల్లకు పరుగు బూట్లు కొంటానంటి. నా కూతురు వంటింట్లోనుంచి తల తిప్పకుండానే "ఒక సైజు పెద్దవి తీసుకో నాయనా, కాలు పెరుగుతా ఉంది" అనింది.

ఇరవై ఏండ్ల తర్వాత దాని నోటి నుంచి పరుగు మాట విన్నది అప్పుడే. మీ ఇండ్లల్లో ఉరికే పిల్లలుంటే, కష్టకాలమైనా సరే, టీచరు గడప తొక్కిన రోజు ఒక్క గడియ కూర్చుని వినండి.