సర్కారు బడి ఎవరిది?

మా మాదిగవాడలో మొదట డిగ్రీ పాసయినవాణ్ణి నేనే. అమ్మ నాట్లేసింది. నాయిన డప్పు కొట్టిండు. సర్కారు బడి, యస్సీ హాస్టలు తప్ప మాకు వేరే దారి లేదు. ఏ బడిలో వెయ్యాలె అన్న ప్రశ్నే మా ఇంట్లో పుట్టలేదు. ఇవ్వాళ వరంగల్లో సర్కారు పంతుల్ని. నెలనెలా జీతం వస్తోంది గనుక ఆ ప్రశ్న నా గడప దాకా వచ్చింది.

జూన్ వస్తే మా స్టాఫ్‌రూంలో ఒకటే ముచ్చట. ఎవరి పిల్లలు ఏ కార్పొరేట్ బడిలో చేరారు, డొనేషనెంత, బస్సు ఫీజెంత. "అక్కడ వాతావరణం బాగుంటది సార్" అన్నాడొక తోటి పంతులు. వాతావరణమంటే ఏందని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నాకు తెలుసు. మా వాడ పిల్లలు పక్కన కూర్చోని చోటుకు ఆయన పెట్టిన పేరు అది.

ఇంగ్లీషు లేదు గదా అనేవాళ్ళు. 2022లో తెలంగాణ సర్కారు బళ్ళల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం మొదలైంది. మా స్టాఫులో ఒక్కరి బిడ్డా తిరిగి రాలేదు. సర్కారు జీతం తీసుకునేవాళ్ళ పిల్లలు సర్కారు బళ్ళోనే చదివేలా చూడాలని 2015లో అలహాబాద్ హైకోర్టు ఉత్తరప్రదేశ్ ప్రభుత్వానికి చెప్పింది. ఆ సంగతి ఎత్తితే మావాళ్ళు పేపరు మడిచి క్లాసుకు పోయారు.

"నువ్వు పడ్డ కష్టం బిడ్డ గూడ పడాల్నా?" అని నా భార్య అడిగింది. న్యాయమైన ప్రశ్నే. రెండు నెలలు కొట్లాడుకున్నాం. చివరికి బిడ్డను నా బళ్ళోనే చేర్చాం. మరుగుదొడ్డికి నీళ్ళు రాకపోతే కూలికిపోయే తల్లి ఒకరోజు కూలి పోగొట్టుకొని ఆఫీసుల చుట్టూ తిరగలేదు. ఇప్పుడు నా భార్య తిరుగుతోంది. అధికారులు ఆమెకు కుర్చీ వేస్తారు, ఆ తల్లికి వెయ్యరు. చదువుకున్నవాళ్ళు పిల్లల్ని తీసుకుపోయినప్పుడు ఆ కుర్చీ కూడా వాళ్ళ వెంటే పోయింది.

అప్పు తెచ్చి ప్రైవేటు బడికి ఫీజు కట్టే మా వాడ తల్లుల్ని నేనేమీ అనను. ఇంతకాలం మోసపోయినవాళ్ళకు అనుమానం ఉండదా? నేనడిగేది రిజర్వేషన్ మెట్టెక్కి వచ్చిన నాలాంటి జీతగాళ్ళని. అన్నలారా, అక్కలారా, ఆ మెట్టు మన పిల్లలకు పనికిరాదంటే, కింద నిలబడ్డ పిల్లలకు ఎట్లా పనికొస్తది?