జుర్రేరు లోయలో కాలినడక

మన సంచికలో ఏటేటా విహారయాత్రల వ్యాసాలు వస్తుంటాయి. ఊటీ, అరకు, హంపీ - అన్నీ చదివాను, అన్నీ బాగున్నాయి. బస్సు ఎక్కడ చెడిపోయిందీ, దారిలో ఎవరికి వాంతులయిందీ, ఏ లెక్చరరుగారు ఏ పాట పాడిందీ కూడా తెలుసుకున్నాం. కాలినడక గురించి మాత్రం ఎవరూ రాసినట్టు లేదు. రాయరు కూడా. మన దృష్టిలో నడక అంటే బస్సు తప్పిపోయినప్పుడు చేసే పని.

సేద్యం చేసుకునే ఇళ్లల్లో అయితే మరీను. సెలవులకు ఊరికి పోయినప్పుడు "అట్లా నడిచొస్తా" అన్నానంటే మా అవ్వ ముందు ఎగాదిగా చూస్తుంది.

"యాడికి పాపా? చేనికా?"

"కాదవ్వా, ఊరికేనే."

"ఊరికే నడిచేదానికి కాళ్లేమన్నా ఎక్కువైనాయా నీకు?"

అవ్వ మాటలో న్యాయం ఉంది. జన్మంతా నీళ్ల కడవతోనో, కలుపు కొడవలితోనో నడిచిన మనిషికి వట్టి చేతులతో నడవడం వింతే. కానీ బి.యస్సీ.లో జియాలజీ, కెమిస్ట్రీ తీసుకున్నాక నాకు వట్టి చేతుల నడకలోనే మా ఊరు కొత్తగా కనపడింది. అందుకే మిత్రులకు మా జుర్రేరు లోయ చూపించాలని ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

మాది నంద్యాల జిల్లా, బనగానపల్లె ప్రాంతం. 2022లో కొత్త జిల్లా అయ్యేదాకా కర్నూలు జిల్లా కిందనే ఉండేవాళ్లం. బంగినపల్లి మామిడి అంటే నోరూరని వాళ్లుండరు గదా, ఆ పేరు మాదే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మామిడి సంగతి అందరికీ తెలుసు, జుర్రేరు సంగతి తెలియదు. ఎండాకాలంలో ఇసుక, వానాకాలంలో నాలుగు రోజులు పొంగు - అంతే దాని బ్రతుకు. పోయి పోయి కుందూలో కలుస్తుంది, కుందూ పెన్నలో కలుస్తుంది. దానికి అటూ ఇటూ కొండలూ, కింద సున్నపురాయీ.

ఆ రాయినే మేము నాపరాయి అంటాం. మా ఇంట్లో నేల నాపబండ, అరుగు నాపబండ, పశువుల తొట్టి నాపబండ. అది చేపలు కూడా పుట్టకముందు కాలం నాటి సముద్రం అడుగున పేరుకున్న మట్టి అని మొదటి సంవత్సరంలో చదువుకున్నప్పుడు, ఆ సెలవుల్లో ఇంటికి పోయి అరుగు మీద కూర్చోవడానికి కాసేపు సంకోచించాను సుమా!

మొదటి నడక చాలా తేలిక. పొద్దు వంగినాక ఊరి నుంచి ఏటి గట్టు వెంబడి గంటసేపు నడవండి. ఎక్కేదీ లేదు, దిగేదీ లేదు. మామిడి తోటలు దాటితే ఏరు తవ్వుకుపోయిన దరి కనపడుతుంది. అక్కడ నాపరాయి పుస్తకంలో కాగితాల్లాగా పొర మీద పొరగా ఉంటుంది. చేత్తో తడిమి చూడండి. నీళ్లు పారిన చోట రాయి నున్నగా, చీలికల దగ్గర తినేసినట్టుగా ఉంటుంది. అది వాన చేసిన పని. వాన నీరు గాలిలోనూ మట్టిలోనూ ఉన్న కార్బన్ డయాక్సైడును కలుపుకుని పలుచని ఆమ్లం అవుతుంది. అది సున్నపురాతిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. కరిగిన రాయి నీళ్లతోబాటే మా బావుల్లోకి వస్తుంది. "ఈ నీళ్లకు బ్యాళ్లు ఉడకవు" అని మా అమ్మ విసుక్కునేదీ, నీళ్లు కాచే అండా లోపల తెల్లగా పెచ్చు కట్టేదీ అందుకే. ల్యాబులో పిపెట్టు పట్టుకుని తంటాలు పడిన కాఠిన్యం ప్రయోగాన్ని మా అమ్మ రోజూ పొయ్యి మీద చేస్తోందన్నమాట.

రెండో నడక జ్వాలాపురం వైపు. పొద్దున్నే బయలుదేరితే ఎండ ముదరకముందే తిరిగి రావచ్చు. ఆ పరిసరాల్లో మట్టి కింద తెల్లటి బూడిద పొర ఉంది, కొన్నిచోట్ల మనిషి ఎత్తును మించి. అది మన దేశపు బూడిద కాదు. సుమారు 74,000 ఏళ్ల క్రితం సుమత్రా దీవిలో తోబా అగ్నిపర్వతం బద్దలయితే, సముద్రం దాటి వచ్చి పడిన బూడిద. ధార్వాడలోని కర్నాటక విశ్వవిద్యాలయం ఆచార్యులు రవి కొరిశెట్టర్, కేంబ్రిడ్జి నుంచి వచ్చిన మైకేల్ పెట్రాగ్లియా, వాళ్ల సహచరులు ఇక్కడ తవ్వకాలు జరిపారు. బూడిదకు కిందా, బూడిదకు పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయి. పెద్దగా తేడా లేకుండా ఒకే తీరువి. అంటే అంత ఉత్పాతం తర్వాత కూడా ఇక్కడ మనుషులు బ్రతికి ఉండవచ్చునని వాళ్లు 2007లో 'సైన్స్' పత్రికలో రాశారు. ఆ మనుషులు పనిముట్లు చేసుకున్న రాళ్లలో మా సున్నపురాయి కూడా ఉంది.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ బూడిదను తవ్వి అంట్లు తోమే పొడికి అమ్ముకునేవారు. తవ్వినవాళ్లను తప్పు పట్టను, కూలి దొరికింది, పోయారు. కానీ 74,000 ఏళ్లు నిలిచిన పొర గిన్నెల జిడ్డు వదిలించి తూములో కలిసిపోయిందంటే మనసు అదోలా అవుతుంది.

మూడో నడక నేల కింద. లోయ వదిలి, బస్సెక్కి, కొలిమిగుండ్ల దగ్గరి బెలుం పోవాలి. చుట్టూ చదునైన చేలే. కొండ లేదు, గుట్ట లేదు. బావిలాంటి గుంటలోకి మెట్లు దిగితే 3,229 మీటర్ల గుహ! 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని గురించి రాశాడు. 1982, 83 సంవత్సరాల్లో గెబావర్ అనే జర్మన్ ఆయన బృందంతో వచ్చి కొలిచాడు. 2002 నుంచి టికెట్టు కొనుక్కుని అందరం చూస్తున్నాం. లోపల లైట్లు ఉన్నాయి, నడక సులువే. అడుగున ఒకచోట నీళ్లు పారే చోటును పాతాళగంగ అంటారు. చూసేవాళ్లు దండం పెట్టుకుంటారు. నేనూ పెట్టాను. నాకు అక్కడ తోచింది ఒక్కటే: మా చేల కింద కూడా ఇట్లాగే దారులుంటాయి గదా అని.

ఇక మా చేను సంగతి. ఊరికి పడమర మాకు నాలుగెకరాల మెట్ట ఉంది. మూరెడు మట్టి, దాని కింద నాపరాయి. రెండు బోర్లు వేశాం, రెండూ పోయాయి, అప్పు మాత్రం మిగిలింది. పోయిన ఏడు రాళ్లగని వాళ్ల తరఫున ఒకాయన వచ్చి లీజుకు ఇమ్మన్నాడు. మా నాయనకు మనసయింది.

"ఈ చేను ఏం పెట్టింది పాపా మనకు? రెండు బోర్లు మింగింది. మట్టిని ఎవురూ కొనలే, రాయినన్నా కొంటామంటాండారు" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. నా ఫీజు కూడా ఆ అప్పులోదే. "ఇచ్చేముందు ఒకసారి చేనంతా నడుద్దాం రా నాయనా" అన్నాను. ముప్పై ఏళ్లుగా ఆయన ఆ చేలో నడుస్తూనే ఉన్నాడు, కానీ మడక వెనుక నడిచే మనిషి కన్ను సాలు మీద ఉంటుంది. ఆ రోజు ఇద్దరం వట్టి చేతులతో గట్ల వెంబడి తిరిగాం. ఈశాన్యం మూల ఒక గుంట దగ్గర ఆగి ఆయనే చెప్పాడు: "ఎంత వాన కురిసినా ఈడ నీళ్లు నిలబడవు. నా చిన్నప్పటి నుంచీ ఇంతే." ఇంకొంచెం దూరం పోయాక మళ్లీ ఆయనే: "పెద్ద వాన పడిన రెండోనాటికి కింద మీ చిన్నాయన బావి ఊరుతుంది."

ఆయనకు సంగతి తెలుసు, నాకు కారణం తెలుసు. రెండూ అంతవరకు కలుసుకోలేదు. సున్నపురాతిలో నీళ్లు మట్టిలోలాగా అంతటా పరుచుకోవు, చీలికలు పట్టుకుని పోతాయి. బోరు చీలికకు తగిలితే నీళ్లు, జానెడు పక్కన పడితే దుమ్ము. మా బోర్లు పోవడం చేను పాపం కాదు. మా గుంటలో ఇంకిన వాన చిన్నాయన బావికి చేరుతూ ఉండవచ్చు. గని లోతుకు పోతే ఆ దారి తెగుతుంది. గనిలో ఊరిన నీళ్లు మోటార్లతో తోడి పారబోస్తారు. అప్పుడు కింది తోటల మాటేమిటి?

నాయన చాలాసేపు మాట్లాడలేదు. ఆ గుంట దగ్గర గొంతు కూర్చుని బీడీ కాల్చాడు. లీజు ఆయన మళ్లీ వచ్చినప్పుడు "ఈ యేడు కాదప్పా" అన్నాడు. అంతే. ఆ చేలో కంది వేశాం. అప్పు అట్లాగే ఉంది. వచ్చే ఏడు ఏమంటాడో నాకు తెలియదు; ఏమన్నా ఆయన మీద నాకు కోపం రాదు. కానీ దేన్ని ఇస్తున్నాడో తెలిసి ఇస్తాడు. అది చాలా తేడా అనుకుంటాను. బూడిద తవ్వినవాళ్లకు ఎవరూ ముందుగా చెప్పలేదు మరి.

మిత్రులారా, సంక్రాంతి సెలవులకు రండి. అప్పుడు ఎండ మెత్తగా ఉంటుంది. పాత చెప్పులు చాలు, నీళ్ల సీసా మరువకండి. చేలోకి దిగేముందు చేనుగలాయన్ను అడగండి. కాదనడు, పైగా అనపకాయలు ఉడకేసి పెడతాడు. రాతి ముక్క దొరికితే చూసి మళ్లీ అక్కడే పెట్టండి. లెక్చరరుగార్లు వస్తే మరీ సంతోషం, గుంట దగ్గర మా నాయన అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పడానికి నా చదువు ఇంకా చాలడం లేదు.